కుందేలు వేటకు లైసెన్సు దొరుకుతుందా? ఖరగ్‌పూర్ పరిసర అడవుల్లో చట్టం ఏం చెబుతోంది

ఫాల్గుణం ముగిసే వేళకు ఖరగ్‌పూర్‌కు పడమట ఉన్న సాల అడవులు ఆకు రాలుస్తాయి. కలైకుండా దాటి ఝార్‌గ్రామ్ వైపు సాగే రైలు కిటికీలోంచి చూస్తే, ఎర్రని మొరం నేల మీద ఎండుటాకు దట్టంగా పరచుకొని కనిపిస్తుంది. వేట పండుగలు మొదలయ్యేది ఆ రోజుల్లోనే. బల్లేలు, విల్లంబులు, గొడ్డళ్లు, వలలు పట్టుకొని, కుక్కలను వెంటబెట్టుకొని గుంపులు లోకల్ రైళ్లు ఎక్కడం ఈ ప్రాంతవాసులకు కొత్త దృశ్యం కాదు. జ్యేష్ఠ అమావాస్య నాటి ఫలహారిణి కాళీ పూజ వరకు ఇది కొనసాగుతుంది.

రైల్వే ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఖరిదాలో, చుట్టుపక్కల పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ గుంపులు పరిచితమే. ఆ కుటుంబాల్లోని నేటి తరానికి మరో దృశ్యమూ పరిచితం. అమెరికాలో స్థిరపడిన బంధువులు లైసెన్సు తీసుకొని, ప్రభుత్వ అడవిలో కుందేలునో పావురాన్నో కొట్టి ఫోటోలు పంపుతుంటారు. ఈ రెండు దృశ్యాల నడుమ ఒక ప్రశ్న సహజంగానే పుడుతుంది. పులి, ఏనుగు సంగతి వేరు. కుందేలు, కౌజు, పూరేడు వంటి చిన్న జీవులను ప్రభుత్వ భూమిలో వేటాడేందుకు ఇక్కడ కూడా అనుమతి తీసుకోవచ్చా?

తీసుకోలేరు. అలాంటి లైసెన్సు భారతదేశంలో ఇప్పుడు లేదు. అయితే అది ఒకప్పుడు ఉండేదన్న సంగతీ, ఇప్పుడు ‘వేట’ అన్న మాటకు చట్టం ఎంత విస్తృతమైన అర్థం ఇస్తోందన్న సంగతీ చాలామందికి తెలియవు. సరదాగా గుంపు వెంట వెళ్లిన యువకుడు చిక్కుల్లో పడే అవకాశం ఉన్నది అక్కడే.

లైసెన్సు ఉన్న కాలం

బ్రిటిష్ పాలనలో 1912లో వచ్చిన వన్య పక్షులు, జంతువుల రక్షణ చట్టం వేటను నిషేధించలేదు. కొన్ని జీవులకు కొన్ని నెలలు విరామం ప్రకటించి, ఆ కాలంలో వేటాడరాదని మాత్రమే చెప్పింది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మొదట్లో వేట తలుపును పూర్తిగా మూయలేదు. మొదటి షెడ్యూల్‌లోని జీవులకు సంపూర్ణ రక్షణ కల్పించి, మిగిలినవాటిని ప్రత్యేక వేట, పెద్ద జంతువుల వేట, చిన్న జంతువుల వేట అని వర్గీకరించి, వేర్వేరు లైసెన్సులు ఏర్పాటు చేసింది. ఉచ్చులతో, వలలతో పట్టేందుకు మరో లైసెన్సు ఉండేది. కుందేలు అప్పటి నాలుగో షెడ్యూల్‌లో, అంటే చిన్న వేట జాబితాలో ఉండేది.

ఆ లైసెన్సులకు షరతులు గట్టిగానే ఉండేవి. రాత్రివేళ వేటాడరాదు, వాహనం మీద నుంచి కాల్చరాదు, విరామకాలంలో అడవిలో వేటకు దిగరాదు, ఉప్పునేలల వద్ద, నీటిగుంటల వద్ద కాపుకాసి చంపరాదు. కాగితం మీద చక్కని నిబంధనలే. కానీ తుపాకీ పట్టినవాడు ఎన్ని పిట్టలు కొట్టాడో లెక్కించేందుకు అడవిలో ఎవరున్నారు? లైసెన్సు ఉన్న వేటగాడికీ దొంగ వేటగాడికీ తేడా తేల్చడం క్షేత్రస్థాయి సిబ్బందికి దాదాపు అసాధ్యంగా ఉండేది.

1991 సవరణతో ఈ వ్యవస్థ రద్దయింది. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి మొదటి నాలుగు షెడ్యూళ్లలోని ఏ జీవిని వేటాడటమూ నేరమైంది. చిన్న వేట లైసెన్సు అన్న మాటే చట్టంలోంచి తొలగిపోయింది. 2022లో చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన మరో సవరణ షెడ్యూళ్లను కుదించింది. ఇప్పుడు జంతువులకు రెండే జాబితాలు. ఉడుము, అలుగు, నెమలి, బావురుపిల్లి వంటివి మొదటి దానిలో ఉన్నాయి. కుందేలు, అడవిపంది వంటివి రెండో దానిలో ఉన్నాయి. రెండింటిలో దేనిని వేటాడినా నేరమే. తేడా శిక్షలో మాత్రమే.

తుపాకీ పేలకపోయినా వేటే

‘మేం ఏమీ చంపలేదు, ఊరికే వెంట వెళ్లాం’ అన్న మాట నమ్మదగినదే కావచ్చు. కానీ చట్టం ముందు అది పెద్దగా పనికిరాదు. చంపడం, విషం పెట్టడం, పట్టుకోవడం, కుక్కలతో తరమడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, జంతువును ఒక దిక్కుకు తోలడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం అన్నీ వేట నిర్వచనంలోకే వస్తాయి. జంతువు శరీరంలోని ఏ భాగాన్ని తీసుకున్నా, అడవిపక్షి గుడ్లు ఎత్తుకుపోయినా, గూడు చెదరగొట్టినా అంతే. నేరానికి ప్రోత్సహించినవారిని నేరం చేసినవారితో సమానంగానే చట్టం చూస్తుంది. డప్పు కొట్టి కుందేలును వల వైపు తోలినవాడు, చట్టం దృష్టిలో వేటగాడే.

ఎయిర్‌గన్ విషయంలో అపోహ మరీ ఎక్కువ. 2016 ఆయుధ నియమాల ప్రకారం నిర్ణీత పరిమితికి లోబడిన ఎయిర్‌గన్‌కు, అంటే 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్నదానికి, ఆయుధ లైసెన్సు అక్కరలేదు. దుకాణంలో లైసెన్సు అడగలేదు గనుక దానితో పిట్టలు కొట్టవచ్చని అనుకునేవారున్నారు. తుపాకీ కలిగి ఉండే అనుమతి వేరు, వేటాడే అనుమతి వేరు. రెండోది ఎవరికీ లేదు. ఉండేలుతో కొట్టినా, వలతో పట్టినా, చేత్తో పట్టినా చట్టానికి ఒకటే.

శిక్షల సంగతికొస్తే, మొదటి షెడ్యూల్ జీవి విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా పడతాయి. అభయారణ్యంలో, జాతీయ పార్కులో వేటాడినవారికీ ఇదే శిక్ష. రెండో షెడ్యూల్ జీవి విషయంలో 3 ఏళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. నేరానికి వాడిన ఆయుధం, వల, వాహనం స్వాధీనమై ప్రభుత్వ ఆస్తిగా మారవచ్చు. వాయిదాల మీద కొన్న బైకు మీద కుందేలు మాంసం సంచీతో పట్టుబడితే బైకు కూడా పోయే ప్రమాదం ఉంది. వేటాడనివారు ఆ మాంసం కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే.

ప్రభుత్వ భూమి అందరిదీ కాదా?

ఈ వాదనలో కొంత న్యాయం ఉంది. పశ్చిమ మేదినీపూర్ అడవులకు ఉమ్మడి యాజమాన్యం అన్న భావన కొత్తది కాదు. 1970ల తొలినాళ్లలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఇదే జిల్లాలోని అరాబారిలో ఒక ప్రయోగం చేశారు. 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాలకు సుమారు 1,270 హెక్టార్ల క్షీణించిన సాల అడవి కాపలా అప్పగించి, పెరిగిన కలప ఆదాయంలో నాలుగో వంతు వాటా ఇస్తామన్నారు. మోడువారిన అడవి మళ్లీ చిగురించింది. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్య విధానానికి ఆ ప్రయోగమే నాంది అని చెబుతారు.

అడవి తిరిగి పెరిగితే జీవులూ తిరిగి వచ్చాయి. కానీ అరాబారి ఒప్పందంలో పుట్టగొడుగులు, విస్తరాకులు, వంటచెరకు, కలప వాటా ఉన్నాయి. వేట లేదు. రిజర్వు అడవిలో ప్రవేశానికి, నిప్పు పెట్టడానికి, ఉచ్చులు పన్నడానికి 1927 అటవీ చట్టం విడిగా అడ్డుకట్టలు వేసింది. వన్యప్రాణి చట్టమైతే మరో అడుగు ముందుకు వేసి, వేటలో చిక్కిన జంతువు ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించింది. నేల రిజర్వు అడవిదైనా, పంచాయతీ బంజరుదైనా, సొంత జీడితోటదైనా ఈ నిబంధన మారదు. సొంత తోటలోని కుందేలు తోట యజమానిది కాదు.

లాల్‌గఢ్ పులి

వేట పండుగ ఏ స్థాయికి చేరిందో దేశానికి తెలిసింది 2018లో. ఆ ఏడాది మార్చిలో లాల్‌గఢ్ అడవిలో అమర్చిన కెమెరాకు ఒక పెద్దపులి చిక్కింది. ఖరగ్‌పూర్‌కు అంతగా దూరం కాని ఆ అడవిలో పులి కనిపించడం అటవీ శాఖకే నమ్మశక్యం కాని వార్త. బోనులు పెట్టారు, డ్రోన్లు ఎగరేశారు, పులి దొరకలేదు. అది తిరుగుతోందని తెలిసి కూడా వేట పండుగ గుంపులు అడవిలోకి దిగాయి. ఏప్రిల్ 13న బాఘ్‌ఘోరా అడవిలో ఒంటి నిండా గాయాలతో దాని శవం దొరికింది.

పులి గనుక వార్త అయింది. ప్రతి ఏటా చచ్చే ఉడుములు, ముంగిసలు, జంగుపిల్లులు, నక్కలు, కుందేళ్లు వార్తలకెక్కవు. వన్యప్రాణి కార్యకర్తలు ఏళ్ల తరబడి ఫోటోలతో చూపుతున్నది ఈ చిన్న జీవుల కుప్పలనే. కోల్‌కతాకు చెందిన హ్యూమన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అలయన్స్ లీగ్ అనే సంస్థ ఈ విషయమై కలకత్తా హైకోర్టును ఆశ్రయించింది. వేటను అడ్డుకోవలసిన బాధ్యత యంత్రాంగానిదేనని హైకోర్టు ఆదేశించింది. ఆ తర్వాతే పండుగ రోజుల్లో స్టేషన్లలో తనిఖీలు, అడవి దారుల్లో కాపలా, గ్రామాల్లో ముందస్తు ప్రచారం ఊపందుకున్నాయి.

ఈ కథలో ఖరగ్‌పూర్ పాత్ర భౌగోళికమైనది. ఫలహారిణి కాళీ పూజ నాటి వేట పడమటి సాల అడవుల్లో కన్నా తూర్పున పాంస్కురా, ఖీరాయి పరిసరాల్లో ఎక్కువగా జరిగేది. అక్కడ పెద్ద అడవి లేదు. చెరువులు, వెదురు పొదలు, పూల తోటలు, గ్రామాల అంచున చిత్తడి నేలలు ఉన్నాయి. వాటినే నమ్ముకొని బావురుపిల్లి బతుకుతోంది. కాకినాడ వద్ద కోరింగ మడ అడవుల్లో తెలుగువారు ఎరిగిన జంతువే ఇది, పశ్చిమ బెంగాల్‌కు రాష్ట్ర జంతువు. జంగల్ మహల్ నుంచి తూర్పుకు వెళ్లే గుంపులకు దారి రైలు, ఆ రైలు దారి ఖరగ్‌పూర్ మీదుగానే.

ఆదివాసుల హక్కు మాటేమిటి?

వేట పండుగను కేవలం నేరంగా చూస్తే సగం కథే తెలుస్తుంది. సంతాలులకు ‘సేంద్రా’ అనే సామూహిక వేట కేవలం మాంసం కోసం కాదు. పురూలియాలోని అయోధ్య కొండల మీద బుద్ధ పూర్ణిమ నాడు జరిగే కలయికలో, రాత్రివేళ ‘లో బీర్’ అనే సభ తీరుతుంది. ఊరిపెద్దలు తేల్చలేని తగవులు అక్కడ తేలేవి. సంతాలులకు అది అత్యున్నత న్యాయస్థానం వంటిది. ఏడాదికొకసారి తెగ అంతా ఒకచోట కూడే సందర్భం అది.

తెలుగువారికి ఇది బొత్తిగా అపరిచితం కాదు. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగ నాడు మగవారు వేటకు వెళ్లడం, ఆడవారు దారికి అడ్డంగా నిలిచి వాహనదారుల నుంచి కానుకలు వసూలు చేయడం ఆనవాయితీ. అక్కడ కూడా అడవిలో దొరికేది తగ్గిపోయినా పండుగ ఆగలేదు.

అయితే చట్టంలో మినహాయింపు ఉందా? 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు ఎన్నో ఆనవాయితీ హక్కులను గుర్తించింది. అదే వాక్యంలో సంప్రదాయ వేట, ఉచ్చులతో పట్టే హక్కులను స్పష్టంగా మినహాయించింది. వన్యప్రాణి చట్టం వేట హక్కును ప్రత్యేకంగా కాపాడినది నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు మాత్రమే. అందువల్ల జంగల్ మహల్‌లో సేంద్రాకు చట్టపరమైన రక్షణ లేదు.

దీని మీద ఆదివాసీ సంఘాల్లో అసంతృప్తి ఉంది, అది నిర్హేతుకమూ కాదు. అడవులను గనులకు, రైలు మార్గాలకు, కర్మాగారాలకు ఇచ్చినవారు, ఏడాదికి ఒక్కరోజు వేటను తప్పుపట్టడమేమిటని వారు అడుగుతారు. మరోవైపు, నేటి గుంపుల్లో ఆచారం తెలిసినవారితో పాటు, మద్యం కోసం, మాంసం అమ్మకం కోసం, ఫోన్‌లో వీడియో కోసం వచ్చేవారూ ఉన్నారు. వేట పూజారి దిహరి అనుమతి, దేవత మొక్కు, పంపకాల కట్టుబాటు వీరికి పట్టవు. కొన్ని గ్రామాల్లో పెద్దలతో మాట్లాడి, పూజ, సభ, ఆటపాటలు ఉంచి రక్తపాతం లేకుండా చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. సభ ఆగనక్కరలేదు, బల్లెం మాత్రం ఇంటి దగ్గర ఉండాలన్నది ఆ ప్రయత్నాల సారాంశం. బయటి నుంచి సరదాకు వచ్చే పట్టణ యువకుడికి ఈ వివాదంలో ఏ ఆచారమూ అండగా నిలవదు.

పంట పాడైతే?

అనుమతితో జంతువును చంపే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అవి వేట కావు, నివారణ చర్యలు. రెండో షెడ్యూల్ జంతువు మనుషులకు గాని, నిలిచిన పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైతే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా, కారణం చూపి అనుమతించవచ్చు. ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో చంపినదీ నేరం కాదు. అయితే అప్పటికే నేరం చేస్తూ ఉన్నవాడికి ఈ మినహాయింపు వర్తించదు. వేటకు వెళ్లి పంది మీద పడితే పొడిచామంటే చెల్లదు.

కేంద్ర ప్రభుత్వం కొన్ని జంతువులను పరిమిత ప్రాంతంలో, పరిమిత కాలానికి హానికర జీవులుగా ప్రకటించగలదు. 2015-16లో బీహార్‌లో నీలగాయి, అడవిపంది, ఉత్తరాఖండ్‌లో అడవిపంది విషయంలో అలాగే చేసింది. కుందేలును, కౌజును ఎవరూ ఆ జాబితాలో కోరరు.

అమెరికాలో ఎందుకు వీలు?

అక్కడ కూడా తుపాకీ పట్టుకొని ఎవరైనా అడవిలోకి దూరవచ్చన్నది అపోహే. టెక్సాస్‌నే తీసుకుంటే, 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారికి వేట విద్య కోర్సు తప్పనిసరి. ఏటా లైసెన్సు కొనాలి. ప్రభుత్వ వేట భూములకు విడిగా పర్మిట్ కావాలి, నారింజ రంగు దుస్తులు ధరించాలి. ఏ జీవిని ఏ తేదీల్లో, రోజుకు ఎన్ని అన్నది పుస్తకంలో ఉంటుంది. బాతుల వేటకు కేంద్ర ప్రభుత్వ స్టాంపు అదనం. వలసేతర వీసా మీద ఉన్న తెలుగు ఉద్యోగులకు తుపాకీ కలిగి ఉండటమే సాధారణంగా నిషిద్ధం. సమాఖ్య చట్టం ఇచ్చిన మినహాయింపుల్లో చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఒకటి. దాని గడువు ముగిసిన సంగతి మరిచిపోతే ఉద్యోగమూ వీసా కూడా చిక్కుల్లో పడవచ్చు.

ఆ వ్యవస్థ వెనుక డబ్బు, లెక్క రెండూ ఉన్నాయి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలు చేసే 10, 11 శాతం పన్నును వన్యప్రాణుల పనికే కేటాయిస్తుంది. ఏటా జీవుల సంఖ్య అంచనా కట్టి, దాన్ని బట్టి పరిమితి విధిస్తారు. జంగల్ మహల్‌లో కుందేళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కించే ఏర్పాటే లేనప్పుడు, రోజుకు ఎన్ని కొట్టవచ్చో ఎవరు చెప్పగలరు? పైగా ఇక్కడి అడవి పొలాల నడుమ ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక ముక్కలో ఖాళీ అయిన జాతి, పక్క ముక్క నుంచి మళ్లీ వచ్చి చేరడం కష్టం.

అడవికి వెళ్లాలనుకునేవారికి

వేటలో మనిషిని ఆకర్షించేది చంపడం ఒక్కటే కాదు. అడుగుజాడ చదవడం, గాలి ఏ దిక్కున వీస్తోందో గమనించడం, నిశ్చలంగా కూర్చోవడం కూడా అందులో భాగమే. ఇవన్నీ కెమెరాతో, బైనాక్యులర్‌తో చట్టబద్ధంగా చేయవచ్చు. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఇంటి డాబా మీద నుంచైనా పక్షులను లెక్కించి నమోదు చేయవచ్చు. తుపాకీ మీదే మనసుంటే రైఫిల్ క్లబ్బులున్నాయి, అక్కడ కాగితపు గురి ఉంటుంది. రిజర్వు అడవిలోకి వెళ్లే ముందు రేంజ్ కార్యాలయాన్ని అడగడం మంచిది. ఏనుగుల గుంపులు తిరిగే ప్రాంతం గనుక అది ప్రాణరక్షణకూ అవసరమే.

వేట గుంపు కనిపిస్తే ఎదురెళ్లి అడ్డుకోవడం ప్రమాదకరం. గుంపు ఎక్కిన రైలు, బోగీ, సమయం, వెళ్లే దిక్కు గుర్తుంచుకొని, రైలులోనైతే 139కి, బయటైతే 112కి లేదా సమీప అటవీ రేంజ్ కార్యాలయానికి చెప్పవచ్చు. చంపిన జీవుల ఫోటో దొరికితే దాన్ని గ్రూపుల్లో పంచకుండా, తీసిన చోటు, తేదీతో సహా అధికారులకే ఇస్తే కేసులో అది సాక్ష్యంగా పనికొస్తుంది. అడవి అంచున సైకిల్ బ్రేకు తీగతో అల్లిన ఉచ్చు కంటపడితే దాన్ని పీకి పారేయాలనిపిస్తుంది. అలా చేయకుండా చోటు చూపిస్తే, సిబ్బంది కాపుకాసి పన్నినవారిని పట్టుకునే వీలుంటుంది.